నీ కింద ఎంతమంది?

మన దగ్గర ర్యాంకు అనే మాటకి ఒకటే అర్థం. ఎంసెట్‌లో ఎంత? ఆ నంబరు చిన్నదైతే వీధంతా స్వీట్లు పంచుతారు. పెద్దదైతే చుట్టాలు వచ్చినప్పుడు మనం గదిలోంచి బయటికి రాం. ఈ మ్యాగజైన్ చదివే వాళ్ళందరం ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఒకచోట పడి ఈ కాలేజీకి వచ్చినవాళ్ళమే కాబట్టి దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నేను రాయబోయేది ఇంకో రకం ర్యాంకుల గురించి. స్పేస్ గేమ్స్‌లో ఇచ్చే మిలిటరీ ర్యాంకులు. లెఫ్టినెంట్, కమాండర్, అడ్మిరల్ లాంటివి.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. కొన్ని తప్పులు ఎడిటర్లు దిద్దారు. మిగిలినవి నావే.

కిందటి సెమిస్టర్ సెలవుల్లో ఎలీట్ డేంజరస్ అనే గేమ్ మొదలుపెట్టాను. 2014లో ఇంగ్లండ్‌లోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ విడుదల చేసిన గేమ్ ఇది. మన పాలపుంత మొత్తాన్ని అసలు సైజులో అందులో కట్టారు. దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. మన చేతికి ఒక చిన్న ఓడ, కాసిని డబ్బులు ఇచ్చి వదిలేస్తారు. సరుకులు అమ్ముకుంటావో, బందిపోట్లని వేటాడతావో, ఎవరూ చూడని గ్రహాలు వెతుక్కుంటావో నీ ఇష్టం.

అంత విశ్వం చేతిలో పెడితే నాకు ముందు చూడాలనిపించింది భూమిని. తీరా వెళ్ళబోతే గేమ్ ఒప్పుకోలేదు. మన సూర్యుడి దగ్గరికి వెళ్ళాలంటే పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ కావాలంటే ఫెడరేషన్ నేవీలో పెట్టీ ఆఫీసర్ ర్యాంకు రావాలి. సరే అని మొదలుపెట్టా. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి డేటా మోయడం, మళ్ళీ వెనక్కి మోయడం. కొన్ని మిషన్లలో అయితే మోసే పని కూడా లేదు. ఫలానా సంస్థకి ఇన్ని క్రెడిట్లు విరాళం ఇవ్వు అంటుంది, ఇస్తే ర్యాంకు బార్ కొంచెం జరుగుతుంది. బార్ నిండాక ఒక ప్రమోషన్ మిషన్. అది అయితే కొత్త ర్యాంకు. రెండు సాయంత్రాల్లో నేను పెట్టీ ఆఫీసర్ అయిపోయా. ఒక్క బుల్లెట్ పేల్చలేదు. ఒక్క మనిషితో మాట్లాడలేదు.

ఇక్కడ మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మ తమ్ముడు. విశాఖపట్నంలో ఉంటాడు. ఇండియన్ నేవీలో పదిహేనేళ్ళు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసి పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాడు. ఇప్పుడు ఎక్స్-సర్వీస్‌మెన్ కోటాలో బ్యాంకులో క్లర్కు. ఆ సెలవుల్లో నేనున్నది వాళ్ళింట్లోనే. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పా. "మావయ్యా, నేను కూడా పెట్టీ ఆఫీసర్ అయ్యా. రెండు రోజుల్లో."

అత్త నవ్వింది. మావయ్య నవ్వలేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నీ కింద ఎంతమంది అమ్మా?"

"ఎవరూ లేరు."

"మరి నువ్వెవరి కింద?"

కాసేపు ఆలోచించా. "తెలీదు మావయ్యా. బార్ నిండితే వస్తుంది."

"ఓహో," అని పప్పు కలుపుకున్నాడు. అంతే, ఆ టాపిక్ అక్కడితో అయిపోయింది. నాకు మాత్రం ఇంతవరకూ అవలేదు. ఈ వ్యాసం అందుకే.

నలభై ఏళ్ళ కిందటి లెక్క

ఈ ర్యాంకుల గొడవ ఎక్కడ మొదలైందో చూడాలంటే మొదటి ఎలీట్ దగ్గరికి వెళ్ళాలి. 1984లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ మీద వచ్చింది. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ స్టూడెంట్స్ రాశారు. అప్పటికి బ్రేబెన్‌కి ఇరవై ఏళ్ళు. అంటే మన సీనియర్ల వయసు. ఆ మెషీన్‌లో ర్యామ్ మొత్తం 32 కేబీ. మన ఐడీ కార్డు ఫోటో కూడా అందులో పట్టదు.

ఆ గేమ్‌లో ర్యాంకు "హార్మ్‌లెస్" దగ్గర మొదలై, "మోస్ట్లీ హార్మ్‌లెస్", "కాంపిటెంట్", "డేంజరస్", "డెడ్లీ" మీదుగా చివరికి "ఎలీట్" దాకా వెళ్తుంది. ఎలీట్ కావాలంటే 6400 శత్రు ఓడల్ని కూల్చాలి. 6400 ఏంటి, 5000 పెట్టొచ్చు కదా అని మీకు డౌట్ రావచ్చు. 6400 అంటే 25 ఇంటూ 256. ఎనిమిది బిట్ల ప్రాసెసర్‌లో స్కోరుని రెండు బైట్లలో దాచి, పై బైట్ 25కి చేరిందా లేదా అని చూస్తే చాలు. డెడ్లీకి కావలసిన 2560 కూడా అంతే, 10 ఇంటూ 256. కంప్యూటర్ ఆర్గనైజేషన్ క్లాసులో నిద్రపోయిన వాళ్ళకి కూడా ఇది నచ్చుతుంది అనుకుంటున్నా.

నాకు ఆ పాత ర్యాంకు మీద కంప్లైంట్ లేదు. ఎందుకంటే అది అబద్ధం చెప్పదు. నువ్వు ఎన్ని ఓడలు కూల్చావో అది చెబుతుంది, నువ్వు ఎంత ప్రమాదకరమైన పైలట్‌వో చెబుతుంది. నీకు అధికారం ఉందని ఎక్కడా అనదు. అది ఒక కౌంటర్. కౌంటర్‌కి తగ్గ పేరే పెట్టారు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, అదే కౌంటర్‌ని తీసుకుని దానికి "రియర్ అడ్మిరల్" అని పేరు పెట్టినప్పుడు వచ్చింది.

ఒకే మనిషి, ఇటు అడ్మిరల్, అటు రాజు

ఎలీట్ డేంజరస్‌లో ఫెడరేషన్ నేవీకి పద్నాలుగు ర్యాంకులు. రిక్రూట్ నుంచి అడ్మిరల్ దాకా. దానికి శత్రువైన ఎంపైర్‌లో కూడా పద్నాలుగే. అక్కడ అవుట్‌సైడర్‌తో మొదలై సెర్ఫ్, నైట్, బారన్, డ్యూక్ మీదుగా కింగ్ దాకా. రెండు సామ్రాజ్యాలకీ పడదు, ఎప్పుడూ ఉప్పూ నిప్పూ. కానీ నువ్వు రెండిట్లోనూ ఒకేసారి పైదాకా వెళ్ళొచ్చు. సోమవారం ఫెడరేషన్ అడ్మిరల్‌వి. మంగళవారం ఎంపైర్‌లో కింగ్‌వి. ఎవడూ నిన్ను గూఢచారి అనడు. కనీసం ఒక మెసేజ్ పెట్టి "ఏంటి సంగతి" అని కూడా అడగడు.

ఇంకోటి, వచ్చిన ర్యాంకు పోదు. నేను ఫెడరేషన్ అడ్మిరల్‌ని అయ్యాక ఫెడరేషన్ ఓడల్నే కాల్చుకుంటూ పోయాననుకోండి. నా తల మీద ఫైన్ పడుతుంది, బౌంటీ పడుతుంది, వాళ్ళ దగ్గర నా పేరు చెడుతుంది. అడ్మిరల్ హోదా మాత్రం చెక్కుచెదరదు. ప్రపంచంలో ఏ నేవీలో అయినా అలాంటివాణ్ణి కోర్ట్ మార్షల్ చేస్తారు. ఇక్కడ స్టేషన్ వాళ్ళు కాల్చేస్తారు, కానీ కాల్చేటప్పుడు కూడా నేను అడ్మిరల్‌నే.

మరి ఆ ర్యాంకు దేనికి పనికొస్తుంది? ఓడలు కొనడానికి. మిడ్‌షిప్‌మన్ అయితే ఫెడరల్ డ్రాప్‌షిప్ అమ్ముతారు. ఎన్సైన్ అయితే గన్‌షిప్. రియర్ అడ్మిరల్ అయితే ఫెడరల్ కార్వెట్. ఆ కార్వెట్ కోసం జనం వారాల తరబడి అవే రెండు స్టేషన్ల మధ్య అదే డేటా మోస్తారు. చివరికి దాదాపు 19 కోట్ల క్రెడిట్లు కట్టి ఓడ తీసుకుంటారు. అంటే రియర్ అడ్మిరల్ అనేది ఇక్కడ షాపు లోపలికి రానిచ్చే టోకెన్.

ఇది చదివి మావయ్యకి ఫోన్ చేశా. "మావయ్యా, కార్వెట్‌కి కెప్టెన్‌గా ఎవరుంటారు?" అని. "మామూలుగా కమాండర్ ర్యాంకు ఆఫీసరు," అన్నాడు. "మా గేమ్‌లో రియర్ అడ్మిరల్ అయితేనే కార్వెట్ ఇస్తారు." ఆయన పెద్దగా నవ్వాడు. "మన ఈస్టర్న్ ఫ్లీట్ మొత్తానికి ఉండేది ఒక్క రియర్ అడ్మిరలేనమ్మా. ఫ్లీట్ మొత్తానికి."

నిజమే. విశాఖలో ఉండే తూర్పు నౌకాదళ కమాండ్ మొత్తానికి అధిపతి వైస్ అడ్మిరల్. ఆయన కింద సముద్రం మీద తిరిగే తూర్పు ఫ్లీట్‌కి అధిపతి రియర్ అడ్మిరల్. ఆ ఫ్లీట్‌లో డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, కమోర్తా రకం కార్వెట్లు అన్నీ ఉంటాయి. మా గేమ్‌లో ఆ మహానుభావుడు ఒంటరిగా ఒక కార్వెట్ నడుపుకుంటూ, పక్క సీట్లో ఎవరూ లేకుండా, ఎక్కడైనా పార్కింగ్ దొరుకుతుందా అని స్టేషన్‌ని అడుక్కుంటూ ఉంటాడు.

మిగతా గేమ్స్ ఏమైనా తక్కువా?

ఇదొక్క గేమ్ తప్పు కాదు. స్టార్ ట్రెక్ ఆన్‌లైన్ 2010లో వచ్చింది. అందులో లెవెల్స్ పెరిగే కొద్దీ ర్యాంకు పెరిగి, ఆడిన ప్రతివాడూ చివరికి అడ్మిరల్ అవుతాడు. ఒక స్టేషన్‌లోకి వెళ్తే చుట్టూ వందమంది అడ్మిరల్స్ గంతులేస్తూ, డ్యాన్సులేస్తూ కనిపిస్తారు. ఒక్క కానిస్టేబుల్ కూడా లేకుండా అందరూ డీజీపీలే ఉన్న పోలీస్ స్టేషన్ ఊహించుకోండి. కంప్లైంట్ రాసుకునేవాడు ఎవడు?

1999లో వచ్చిన ఫ్రీస్పేస్ 2 నాకు చాలా ఇష్టమైన గేమ్. పాతదైనా మా లాప్‌టాప్‌లో కూడా బాగా నడుస్తుంది కాబట్టి ఇష్టం అని మా రూమ్మేట్ అంటుంది, అది సగం నిజం. అందులో స్కోరు పెరిగితే ఎన్సైన్ నుంచి మొదలై అడ్మిరల్ దాకా ప్రమోషన్లు వస్తాయి. కానీ కథ అదే. నువ్వు ఒక చిన్న ఫైటర్‌లో కూర్చుని వెళ్ళి కాల్చి రావాలి. ఆరు కిలోమీటర్ల పొడుగున్న కొలోసస్ అనే యుద్ధనౌక పక్కనే ఉంటుంది, దాన్ని నువ్వు నడపలేవు. రేడియోలో కమాండ్ ఆర్డర్ వేస్తుంది, నువ్వు వినాలి. నీ భుజం మీద అడ్మిరల్ గుర్తులున్నా నీకు ఆర్డర్ వేసేవాడి ర్యాంకు ఏంటో ఎవరికీ తెలీదు. కథ రాసినవాళ్ళకి, ర్యాంకు టేబుల్ రాసినవాళ్ళకి మధ్య మాటల్లేవేమో అనిపిస్తుంది.

అయితే బాగా చేసినవాళ్ళు కూడా ఉన్నారు. అది చెప్పకపోతే అన్యాయం. 1990లో క్రిస్ రాబర్ట్స్ చేసిన వింగ్ కమాండర్‌లో నువ్వు సెకండ్ లెఫ్టినెంట్‌గా టైగర్స్ క్లా అనే ఓడలో అడుగుపెడతావు. ఆ ఓడలో ఒక బార్ ఉంటుంది. అక్కడ బోర్డు మీద పైలట్లందరి పేర్లు, ఎవరు ఎన్నిసార్లు వెళ్ళారు, ఎన్ని కూల్చారు అని రాసుంటుంది. నీతో పాటు వచ్చిన వింగ్‌మ్యాన్ చనిపోతే అంత్యక్రియలు చూపిస్తారు. మళ్ళీ ఆ మనిషి తిరిగి రాడు. ప్రమోషన్ వచ్చినా నువ్వు చేసే పని పెద్దగా మారదు, ఆ లోపం అక్కడా ఉంది. కానీ ఆ ర్యాంకు చుట్టూ మనుషులున్నారు. నీ కన్నా ఎక్కువ కూల్చినవాడు, నీ పక్కన ఎగిరి చచ్చిపోయినవాడు, నీకు మెడల్ పెట్టినవాడు. అందుకే ఆ లెఫ్టినెంట్ అనే మాట బరువుగా ఉంటుంది.

1994లో వచ్చిన టై ఫైటర్ ఇంకో తెలివైన పని చేసింది. మామూలు మిలిటరీ ర్యాంకులు ఒక పక్క. చక్రవర్తి రహస్య సంఘంలో ర్యాంకులు ఇంకో పక్క. కొన్ని మిషన్లకి ముందు ముసుగేసుకున్న ఒకాయన చాటుగా వేరే పనులు చెబుతాడు. అవి చేస్తే ఆ రహస్య సంఘంలో నీ స్థానం పెరుగుతుంది. పైకి కనిపించే హోదా ఒకటి, అసలు పలుకుబడి ఇంకోటి. హాస్టల్‌లో ఉన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు లోపం

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఒక్క ముక్కలో చెప్తాను. గేమ్స్‌లో ర్యాంకుని ఒక మనిషిలో దాచిపెట్టే నంబరుగా రాస్తున్నారు. కానీ ర్యాంకు ఇద్దరు మనుషుల మధ్య ఉండే సంబంధం. డేటా స్ట్రక్చర్స్ భాషలో చెప్పాలంటే అది నోడ్‌లో ఉండే ఇంటిజర్ కాదు, రెండు నోడ్ల మధ్య ఉండే ఎడ్జ్. ఒక్కటే నోడ్ ఉన్న గ్రాఫ్‌లో ఎడ్జ్ గీయడం ఎలా? మావయ్య అన్నం తింటూ అడిగిన రెండు ప్రశ్నలూ ఇవే. నీ కింద ఎంతమంది, నువ్వెవరి కింద. మూడో ప్రశ్న ఆయన అడగలేదు కానీ నాకు తర్వాత తట్టింది. వాళ్ళకేమన్నా అయితే జవాబు చెప్పేదెవరు?

ఈ మూడో ప్రశ్నకి జవాబు 1971లో ఉంది. ఆ సంవత్సరం డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఫ్రిగేట్ ఐఎన్ఎస్ ఖుక్రీని టార్పెడోతో కొట్టింది. ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు చనిపోయారు. ఆ ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ కూడా ఒక నావికుడికి ఇచ్చేసి, ఓడతోనే మునిగిపోయాడని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆయనకి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఈ సంగతి నాకు చిన్నప్పుడు బీచ్ రోడ్డులో మావయ్యే చెప్పాడు. డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలు చూడ్డానికి తీసుకెళ్ళేవాడు. మేం పిల్లలం హెలికాప్టర్లు చూస్తూ అరుస్తుంటే ఆయన ఓడల వైపు చూస్తూ ఇలాంటివి చెప్పేవాడు. అప్పుడు సరిగ్గా వినలేదు. ఇప్పుడు గేమ్‌లో నా ఓడ పేలిపోయిన ప్రతిసారీ గుర్తొస్తోంది. ఎందుకంటే అక్కడ నాకు ఒక స్క్రీన్ వస్తుంది. ఓడ ఖరీదులో ఐదు శాతం కట్టు, కొత్త ఓడ తీసుకో. రిక్రూట్‌కీ ఐదు శాతమే. అడ్మిరల్‌కీ ఐదు శాతమే. ర్యాంకు పెరిగితే బరువు పెరగాలి కదా. ఇక్కడ డిస్కౌంటు కూడా పెరగలేదు!

"ఇది గేమే కదా"

మా క్లాస్‌మేట్‌కి ఇదంతా చెబితే ఒకటే మాట అన్నాడు. "గేమే కదా, రోజంతా అసైన్‌మెంట్లు రాసి రాత్రి ఆడేవాడికి బాధ్యతలు ఎవడు అడిగాడు? బార్ నిండుతుంటే హాయిగా ఉంటుంది, వదిలెయ్."

ఇందులో న్యాయం ఉంది. బార్ నిండుతుంటే నాకూ హాయిగానే ఉంటుంది. నిజం నేవీలో లాగా ప్రమోషన్‌కి ఏళ్ళు పడితే ఆ గేమ్ ఎవరూ ఆడరు. ఒక్కడే అడ్మిరల్ ఉండాలి అని రూల్ పెడితే, మొదటి వారంలో చేరినవాడు ఆ కుర్చీ ఎప్పటికీ వదలడు. కొత్తగా వచ్చినవాళ్ళు వాడికి టీలు మోయాలి. సీనియర్లంటే ఏంటో మనకి తెలుసు కదా.

కానీ బాధ్యత ఉంటే సరదా ఉండదు అనేది తప్పు. ఈవ్ ఆన్‌లైన్ చూడండి. 2003 నుంచి నడుస్తోంది. అందులో పెద్ద యుద్ధాలు నడిపే ఫ్లీట్ కమాండర్‌ని గేమ్ ఎంపిక చేయదు. ఏ బారూ నిండదు. ఒక ఫ్లీట్‌లో 256 మంది దాకా ఉండొచ్చు. వాళ్ళని వింగులుగా, స్క్వాడ్లుగా విడదీసి, హెడ్‌ఫోన్లలో ఒక గొంతు ఆర్డర్లు వేస్తుంటే అందరూ వింటారు. ఎందుకు వింటారు? ఆ మనిషి ఇంతకుముందు వాళ్ళని బతికించి తెచ్చాడు కాబట్టి. తప్పు ఆర్డర్ వేస్తే వాళ్ళ ఓడలు నిజంగా పోతాయి, మళ్ళీ సంపాదించుకోవాలి. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి అతని వెనక ఎవరూ రారు. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే చోట జరిగిన యుద్ధం ఒక పేమెంట్ సమయానికి కట్టకపోవడంతో మొదలై దాదాపు 21 గంటలు నడిచింది. 75 టైటాన్లు, అంటే ఆ గేమ్‌లో అన్నిటికన్నా పెద్ద ఓడలు, బూడిదయ్యాయి. ఆ రాత్రి ఆర్డర్లు వేసినవాళ్ళకి నిద్ర పట్టి ఉంటుందా? పట్టి ఉండదు. అయినా ఆడినవాళ్ళు ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. నేను డేటా మోసిన రెండు సాయంత్రాల గురించి ఎవరైనా చెప్పుకుంటారా?

మరి ఏం చేయొచ్చు?

ఊరికే తప్పులు పట్టడం తేలిక. మేం ముగ్గురం కలిసి ఒక చిన్న స్పేస్ గేమ్ చేస్తున్నాం, కాబట్టి నాకు జవాబు కూడా కావాలి. నేను రాసుకున్నవి నాలుగు.

ఒకటి. ఓడ కొనడానికి అర్హత కావాలంటే దాన్ని లైసెన్స్ అని పిలవండి. లారీ నడపడానికి హెవీ లైసెన్స్ అడుగుతాం కానీ కలెక్టర్ అయితేనే లారీ ఇస్తాం అనం కదా.

రెండు. ర్యాంకు పెరిగితే పని మారాలి. లెఫ్టినెంట్‌కి ఒక వింగ్‌మ్యాన్. కమాండర్‌కి ఒక ఓడ, అందులో పేర్లున్న సిబ్బంది. వాళ్ళు కంప్యూటర్ పాత్రలైనా పర్లేదు. పేరు ఉండాలి, ఊరు ఉండాలి, చనిపోతే తిరిగి రాకూడదు. వింగ్ కమాండర్ 1990లోనే చేసిన పని మనం ఇప్పుడు చేయలేమంటే సిగ్గుచేటు.

మూడు. ర్యాంకు పోవాలి కూడా. పోయే అవకాశం లేనిదాన్ని ఎవరూ కాపాడుకోరు. ఆర్డర్ ధిక్కరిస్తే, సొంతవాళ్ళ మీద కాల్పులు జరిపితే, మనుషుల్ని అనవసరంగా పోగొడితే విచారణ జరగాలి. ఆ విచారణ కూడా గేమ్‌లో ఒక మంచి మిషన్ అవుతుంది. ఆర్డర్ తప్పని తెలిసి ధిక్కరించినవాడు అక్కడ నిలబడి తన మాట చెప్పుకునే సీన్ ఊహించుకోండి.

నాలుగు. నావికుల ర్యాంకుల్ని, ఆఫీసర్ల ర్యాంకుల్ని కలిపేయకూడదు. ఎలీట్ డేంజరస్ నిచ్చెనలో మిడ్‌షిప్‌మన్ తర్వాత పెట్టీ ఆఫీసర్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, వారంట్ ఆఫీసర్, ఆ తర్వాత ఎన్సైన్, లెఫ్టినెంట్ వరసగా వస్తాయి. నిజంలో అవి ఒకే నిచ్చెన మెట్లు కావు. మిడ్‌షిప్‌మన్ అంటే ట్రైనింగ్‌లో ఉన్న ఆఫీసరు. పెట్టీ ఆఫీసర్ అంటే నావికుడిగా చేరి అనుభవంతో పైకొచ్చినవాడు. రెండూ వేరు వేరు దారులు. ఒకదాన్ని ఇంకోదాని మీద పేర్చడం శుద్ధ తప్పు.

ఈ నాలుగూ రాసుకుని, మొన్న విశాఖ వెళ్ళినప్పుడు మావయ్యకి చదివి వినిపించా. సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ ఆయనే కదా. మొదటిదానికి నవ్వాడు. రెండోదానికి తలూపాడు. మూడోదానికి "కరెక్ట్" అన్నాడు. నాలుగోది విన్నాక కాసేపు ఏమీ అనలేదు.

"అంటే మీ గేమ్‌లో పెట్టీ ఆఫీసరు, పని చేసుకుంటూ పోతే ఎన్సైన్ అయిపోతాడా? ఆఫీసరు?"

"అవును మావయ్యా. అదే తప్పు అంటున్నా."

"నేను రెండుసార్లు అప్లై చేశానమ్మా," అన్నాడు. నావికుల్లోంచి ఆఫీసర్లుగా తీసుకోవడానికి నేవీలో ఒక దారి ఉందట. చాలా సన్నటి దారి. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కొచ్చాడట. పంతొమ్మిదేళ్ళలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అత్త వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకి తెలుసనుకుంటా.

"ఆ నాలుగోది మాత్రం మార్చకమ్మా," అన్నాడు. "అదొక్కటీ మీ గేమ్‌లోనే బాగుంది."

నా లాజిక్ ప్రకారం నాలుగో పాయింట్ కరెక్టే. ఇప్పటికీ కరెక్టే. నిజం నేవీ అలా ఉండదు. కానీ గేమ్ నిజాన్ని ఎక్కడ కాపీ కొట్టాలి, ఎక్కడ కొట్టకూడదు అనేది నేను అనుకున్నంత సులువు కాదని ఆ రోజు అర్థమైంది. బాధ్యత విషయంలో నిజం నుంచి ఇంకా నేర్చుకోవాలి. దారులు మూసేసే విషయంలో నేర్చుకోవక్కర్లేదు.

అందుకని మా గేమ్‌లో నాలుగో రూల్ కొట్టేశాను. ఇంజిన్ రూమ్‌లో చేరినవాడు ఓడ కెప్టెన్ దాకా వెళ్ళొచ్చు. కాకపోతే డేటా మోస్తేనో, విరాళాలిస్తేనో కుదరదు. తన కింద ఉన్నవాళ్ళని ఎన్నిసార్లు క్షేమంగా ఇంటికి తెచ్చాడో అదే లెక్క. ప్రమోషన్ స్క్రీన్ మీద బార్ ఉండదు. వాళ్ళ పేర్లు ఉంటాయి.

అన్నట్టు, పర్మిట్ వచ్చాక భూమిని చూశాను. ఊరికే అలా తిరుగుతోంది, నీలంగా. దిగనివ్వరు. స్క్రీన్‌షాట్ తీసి మావయ్యకి పంపా. "పెట్టీ ఆఫీసర్‌కి ఇంతదాకా వచ్చే పర్మిషన్ ఉంది" అని కింద రాశా. ఒక సెల్యూట్ ఎమోజీ వచ్చింది.